పాలతో రొయ్యల సూపు: విరగకుండా కాచే విధం

పాలు విరగడమంటే ఏమిటో మన సంఘాల సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో క్యాను కాస్త ఆలస్యంగా చేరిందంటే చాలు, పరీక్షనాళికలో కొద్దిగా పాలు పోసి మరిగే నీటిలో వుంచి చూస్తారు. నాళిక గోడలకు తరకలు అంటుకుంటే ఆ పాలు తిరిగి వెళ్ళవలసిందే. ఆ పూట దాణా, గడ్డి, చాకిరీ అన్నీ వృథా. ఇంత నష్టం కళ్ళారా చూసిన వారికి కూడా, అవే పాలు తమ వంటింట్లో విరిగినపుడు కారణం తోచదు. "పాలే మంచివి కావు" అని ఒక్క మాటతో తేల్చేస్తారు.

కిందటేడు కోనసీమలో ఒక సంఘం సర్వసభ్య సమావేశం ముగిసి అందరూ లేస్తుండగా ఒక సభ్యురాలు నిలబడి, "ఇనస్పెక్టరు గారూ, ఒక్క మాటండీ. మా అమ్మాయి బోస్టన్ నుంచి వచ్చి పాలు, మీగడ వేసి రొయ్యల సూపు కాచిందండీ. రెండుసార్లూ విరిగిపోయిందండీ. అక్కడ ఎప్పుడూ విరగలేదంట. ఇక్కడి పాలలోనే ఏదో లోపం వుందంటోంది. మన సంఘం పాలు మంచివి కావాండీ?" అని అడిగారు. కొందరు నవ్వారు. అది నవ్వవలసిన ప్రశ్న కాదు. సొంత గేదె పాల మీద ఇంటి బిడ్డకే నమ్మకం పోతే, పట్నంలో ప్యాకెట్టు కొనే మనిషికి నమ్మకం ఎట్లా చెప్పగలం? "ఆ పూట అవే పాలు కాఫీకి కాచినపుడు విరిగాయా అమ్మా?" అని అడిగాను. లేదన్నారు. అయితే నేరం పాలది కాదన్నమాట. మరి ఎవరిది? ఆ సంగతి తేల్చడానికే ఈ పాఠం.

ఇది ఏ వూరి వంట

ముందు ఆ అమ్మాయి కాచిన సూపు ఏమిటో చెప్పుకుందాం. అమెరికా ఈశాన్య మూలన మసాచుసెట్స్, మెయిన్ మొదలైన ఆరు రాష్ట్రాలను కలిపి న్యూ ఇంగ్లండ్ అంటారు. బోస్టన్ నగరం అందులోనిదే. ఆ వైపు వారు చేపలతోనో, సముద్రపు గుల్లలతోనో, బంగాళాదుంపలు, వుల్లిపాయలు వేసి, పాలు పోసి కాచే చిక్కని సూపును చౌడర్ అంటారు. గుల్లలు తినడమేమిటని మనవారికి అనిపించవచ్చు. మనం వాటిని ఎక్కువగా గుల్లసున్నం కాల్చడానికే ఎరుగుదుం. లోపలి మాంసం వారికి ఎంతో ఇష్టమైన తిండి. చేపల రేవు, పాడి పక్కపక్కన వున్న ఇతర చలి దేశాలలోనూ ఇట్లాంటి వంటలున్నాయి. స్కాట్లండ్‌లో కల్లెన్ అనే రేవు పేరు మీద కల్లెన్ స్కింక్ అని ఒకటి వున్నది. పొగబెట్టిన హాడక్ చేప, బంగాళాదుంప, వుల్లి, పాలు దాని సరుకులు. ఫిన్లండ్ వారు సాల్మన్ చేపతో ఇదే మాదిరిగా చేసుకుంటారు.

బోస్టన్ పత్రికలో 1751లో ఒక చౌడర్ విధానం అచ్చయింది. చేప, వుల్లి, వుప్పు పట్టించిన పంది మాంసం, బిస్కెట్లు వరుసలుగా పేర్చి వుడికించమని అందులో వున్నది గాని పాల మాటే లేదు. పాలు తరువాత వచ్చి చేరాయి. 1896లో బోస్టన్ వంట పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని అయిన ఫానీ ఫార్మర్ ప్రకటించిన వంట పుస్తకం నాటికి చౌడర్‌లో పాలు స్థిరపడ్డాయి. ఈమె గురించి మనవారు ఒక సంగతి తెలుసుకోదగ్గది వున్నది. చెంచా గాని, కప్పు గాని పైన గోపురంలా పోయకుండా అంచుకు సమంగా గీసి కొలవాలని పట్టుబట్టిన మనిషి ఈమె. నురుగుతో కలిపి లీటరు నిండిందనిపించే కేంద్రాలను తనిఖీలలో చూసినపుడల్లా నాకు ఈమె గుర్తుకు వస్తుంది.

ఆమె పుస్తకంలో రెండు సూచనలు మన పాఠానికి ముఖ్యం. చౌడర్‌లో పోసే పాలు పచ్చివి కావు, ముందే విడిగా వేడి చేసినవి. రెండవది, గుల్లలు వుడికిన నీటికి పాలను విరగ్గొట్టే స్వభావం వున్నది గనుక దానిని అన్నిటికన్నా చివర, పిండితో చిక్కబరచి మరీ కలపమన్నది. అంటే విరుగుడు బాధ ఒక్క కోనసీమదే కాదు, బోస్టన్ వారికీ నూటముప్పై ఏళ్ళ కిందటే వున్నది.

చౌడర్‌లో టమాటా వేయవచ్చునా లేదా అన్న దాని మీద అక్కడివారు పంతాలకు పోతారు. న్యూయార్కు వైపు మాన్‌హట్టన్ చౌడర్ పేరుతో పాలు లేకుండా టమాటాలతో కాచుకుంటారు. 1939లో మెయిన్ రాష్ట్ర శాసనసభలో ఒక సభ్యుడు చౌడర్‌లో టమాటా వేయడాన్ని నిషేధించాలని బిల్లే ప్రతిపాదించాడు. అది చట్టం కాలేదు. రుచుల తగాదా అట్లా వుంచి, పాడి విషయం తెలిసినవాడి కంటితో చూస్తే ఆయన పక్షాన కొంత న్యాయం వున్నది: టమాటా పులుపు, పాలు ఒకే గిన్నెలో ఇమడవు.

విరగడం వెనుక కారణం

పాలలోని మాంసకృత్తులలో సుమారు అయిదింట నాలుగు వంతులు కేసీన్ అనే పదార్థం. ఇది కాల్షియం, ఫాస్ఫేటులతో కలిసి కంటికి కనపడనంత చిన్న వుండలుగా పాలలో తేలుతూ వుంటుంది. ఈ వుండలు ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటూ వున్నంత సేపూ పాలు పాలుగా వుంటాయి. పులుపు చేరితే ఆ నెట్టుకునే శక్తి తగ్గుతుంది. వుండలు ఒకదానికొకటి అంటుకుని తరకలవుతాయి. వేడి ఈ పనిని మరింత తొందర చేస్తుంది.

ఎంత పులుపు? ఇక్కడే అసలు కిటుకు వున్నది. తాజా పాల ఆమ్లత, లాక్టిక్ ఆమ్లం లెక్కన, సుమారు 0.13 నుండి 0.16 శాతం దాకా వుంటుంది. వేడి తగలకుండా, గదిలో పెట్టిన పాలు తోడుకుని గట్టిపడాలంటే అది 0.5 దాటవలసి వుంటుంది. కాచేటపుడు మాత్రం 0.2 దాటితేనే విరిగిపోతాయి. అంటే చల్లని పాలు తట్టుకునే పులుపులో చిన్న భాగాన్ని కూడా మరిగే పాలు తట్టుకోలేవు. నాలుకకు తెలియనంత పులుపు గిన్నెకు తెలుస్తుంది. సంఘంలో వాసనకూ, రుచికీ బాగానే వున్న పాలు మరిగే నీటి పరీక్షలో పోవడానికి కారణం ఇదే.

పులుపు లేకుండా విరిగేవీ కొన్ని వున్నాయి. జున్ను పాలు అందరికీ తెలిసినవే. ఈనిన తొలి రోజుల పాలలో వేడికి గట్టిపడే వేరే మాంసకృత్తులు మెండుగా వుంటాయి. అందుకే ఈనిన 5 రోజుల దాకా పాలు సంఘానికి తేవద్దని చెబుతూ వుంటాం. పొదుగువాపు వచ్చిన పశువు పాలలో లవణాల పాళ్ళు మారిపోయి అవి కూడా వేడికి నిలవవు. ఈ రెండు రకాల పాలూ సూపుకు పనికిరావు. పొదుగువాపు పాలు అసలు ఏ వంటకూ పనికిరావు.

మన వంటింటి అలవాట్లు

తక్కిన ప్రపంచానికి లేని చిక్కు మనకొకటి వున్నది. మన చేతికి నీచు సరుకు తగలగానే పులుపు మీదికి మనసు పోతుంది. చేపలంటే పులుసు. రొయ్యలు కడగాలంటే నిమ్మరసమో, చింతపండు గుజ్జో, పుల్లమజ్జిగో పోసి పిసికి కాసేపు వుంచుతాం. అది మంచి అలవాటే, కూరకు. కాని ఆ పులుపు రొయ్యలోకి ఇంకి, రెండు నీళ్ళు కడిగినా కొంత మిగిలే వుంటుంది. పాలు పోసిన గిన్నెలో అది బయటికి దిగుతుంది.

పైన చెప్పిన ఇంట్లో మొదటిసారి జరిగినది ఇదే. ఆ అమ్మాయి బోస్టన్‌లో పొట్టు తీసి గడ్డకట్టించిన ప్యాకెట్టు రొయ్యలు వాడేదట. ఇక్కడ మాత్రం వాళ్ళ అమ్మమ్మ గారు ముద్దుగా, నీచు పోయేలా, రెండు నిమ్మకాయలు పిండి నానబెట్టి ఇచ్చారు. రెండవసారి రొయ్యలు వుత్తి నీళ్ళతోనే కడిగారు. అప్పుడు దెబ్బ కొట్టింది మీగడ. వెన్న చిలకడానికి వారం రోజులుగా రోజుకింత చేర్చిన గిన్నెలోది తీసి వేశారు. పాత మీగడ పులిసే వుంటుంది. చిలకడానికి అట్లా వుండడమే మంచిది. సూపులో వేసేది ఆ ఉదయం కాచిన పాల మీద కట్టిన మీగడై వుండాలి.

అల్లం మాట కూడా చెప్పాలి. అల్లం టీ కాచేవారికి తెలుసు: పచ్చి అల్లం దంచి నీళ్ళలో మరగనిచ్చి తరువాత పాలు పోస్తే ఏ గొడవా లేదు, వేడి పాలలోనే అల్లం వేస్తే ఒక్కొక్కసారి విరుగుతుంది. అల్లంలో మాంసకృత్తులను ఖండించే ఒక ఎంజైము వున్నది. మరిగితే అది నశిస్తుంది. చైనా దక్షిణ ప్రాంతంలో అల్లం రసంలో వేడి పాలు పోసి కావాలనే గడ్డకట్టించి తింటారు. కాబట్టి సూపులో అల్లం వేయదలిస్తే మొదటే, నీళ్ళలోనే వేసి మరగనివ్వాలి. లేకుంటే మానేయడం మేలు. ఈ సూపుకు మిరియమే సరియైన కారం.

ఇవన్నీ చదివి ఇదేదో మనకు తెలియని విద్య అనుకోనక్కరలేదు. గోదావరి జిల్లాలలో ఆనపకాయకు, పొట్లకాయకు పాలు పోసి కూర వండడం తరతరాలుగా వున్నదే. ఆ కూరలో చింతపండు పడదు, టమాటా పడదు. ముక్క వుడికి నీరు ఇగిరిన తరువాతనే, మంట తగ్గించి, కాచిన పాలు పోస్తారు. బెల్లం పరమాన్నం వండేవారు గిన్నె దించి, వేడి కాస్త తగ్గాకనే బెల్లం కలుపుతారు. ఫానీ ఫార్మర్ పుస్తకం చూడకుండానే మన అమ్మలు ఈ పాఠం నేర్చుకున్నారు. ఆనపకాయ దగ్గర తెలిసిన సంగతిని రొయ్య దగ్గర మరచిపోతున్నాం, అంతే.

చేపా పాలూ కలవవచ్చునా

ఈ ప్రశ్న తప్పక వస్తుంది, దాటవేయడం మర్యాద కాదు. చేపలూ పాలూ కలిపి తినరాదని చరక సంహితలో విరుద్ధాహారాల కింద చెప్పబడి వున్నది. మన పల్లెలలో చేపలు తిన్న పూట పాలు తాగితే బొల్లి వస్తుందని కూడా అంటారు. బొల్లి అన్నది చర్మానికి రంగునిచ్చే కణాలు నశించడం వల్ల వచ్చే స్థితి. ఎక్కువ మందిలో శరీరపు రక్షణ వ్యవస్థే ఆ కణాల మీద తిరగబడడం దీనికి మూలమని నేటి వైద్యం చెబుతున్నది. చేపా పాలూ కలిపి తినడం వల్ల అది వస్తుందనడానికి ఆధారం లేదు. చౌడర్ తినే ప్రాంతాలవారు తరాలుగా ఈ రెండూ ఒకే గిన్నెలో తింటూనే వున్నారు. బొల్లి వున్నవారిని ఏదో తినకూడనిది తిన్నారని నిందించడం వారికి చేసే అన్యాయం.

అయితే ఆయుర్వేద పథ్యంలో వున్నవారినీ, ఇష్టం లేని పెద్దలనూ బలవంత పెట్టవలసిన పని లేదు. వారి వంతు సూపును పాలు పోయకముందే తీసి పెడితే చక్కని రొయ్యల చారు అవుతుంది. నిజంగా జాగ్రత్త పడవలసినది వేరే వున్నది. రొయ్యలు, గుల్లలు కొందరికి సరిపడవు. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తాయి. అట్లాంటివారు పాలు కలిపినా కలపకపోయినా వాటిని ముట్టరాదు. పాలు అరగనివారు కూడా వున్నారు. వారికీ పై చారే మార్గం.

కాచే విధానం

నలుగురికి సరిపడే లెక్క చెబుతాను. తలలతో సహా అరకిలో రొయ్యలు, పావుకిలో బంగాళాదుంపలు, ఒక పెద్ద వుల్లిపాయ, 30 గ్రాముల వెన్న, పెద్ద చెంచాన్నర మైదా లేక బియ్యప్పిండి, రెండు గ్లాసులు అనగా 400 మిల్లీలీటర్ల పాలు, ఆ పూట మీగడ రెండు చెంచాలు, మిరియాల పొడి, వుప్పు. న్యూ ఇంగ్లండ్ వారు మొదట వుప్పు పంది కొవ్వు కరిగిస్తారు. మన ఇళ్ళలో ఆ స్థానానికి వెన్న చాలు. రొయ్యలకు బదులు చేప వేయదలిస్తే ముల్లు తక్కువై, ముక్క చెదరని తెల్ల చేప కావాలి. పండుగప్ప గాని, తెలంగాణ వైపు కొరమేను గాని బాగుంటాయి. పులసను పులుసుకే వదిలిపెట్టండి.

అన్నిటికన్నా ముందు పాలు విడిగా కాచి పక్కన పెట్టాలి. ఇందులో రెండు ప్రయోజనాలున్నాయి. పచ్చి పాలలో వుండగల రోగక్రిములు నశిస్తాయి. మరీ ముఖ్యం, ఇది మన సంఘం చేసే మరిగింపు పరీక్షే. ఇక్కడ విరగని పాలు తరువాత సూపులో విరిగితే తప్పు పాలది కాదని తేలిపోతుంది, పులుపు ఎక్కడ నుంచి వచ్చిందో వెతుక్కోవచ్చు.

రొయ్యల తలలు, పొట్టు తీసి పారేయకండి. రొయ్యను వలిస్తే బరువులో దాదాపు సగం వాటికే పోతుంది, వాసనా రుచీ ఎక్కువగా వాటిలోనే వుంటాయి. రొయ్యలను వుప్పు, చిటికెడు పసుపుతో మాత్రమే రుద్ది, వీపున వున్న నల్ల నరం తీసి, మంచినీళ్ళతో కడిగి చల్లగా వుంచాలి. తలలను, పొట్టును కాస్త వెన్నలో ఎర్రబడేదాకా వేయించి, మూడు గ్లాసుల నీళ్ళు పోసి, సన్నని సెగ మీద 20 నిముషాలు వుంచి వడగట్టాలి. రెండు గ్లాసుల దాకా ఎర్రని చారు మిగులుతుంది. దీనిని గంటలకొద్దీ మరిగిస్తే చేదెక్కుతుంది. ఫ్రెంచివారి బిస్క్ అనే సూపు ఈ పొట్టు చారు మీదనే ఆధారపడి వుంటుంది. దానిని చిక్కబరచడానికి పూర్వం నుంచి వాడేది బియ్యమే. అందుచేత మైదా లేదని ఆగిపోవలసిన పని లేదు.

మిగిలిన వెన్నలో వుల్లి సన్నగా తరిగి, రంగు మారకుండా మెత్తబడేదాకా వేయించి, పిండి చల్లి, పచ్చివాసన పోయేదాకా రెండు నిముషాలు కలియబెట్టాలి. వడగట్టిన చారు కొంచెం కొంచెంగా పోస్తూ వుండలు కట్టకుండా కలపాలి. చిన్నముక్కలుగా కోసిన దుంపలు వేసి మూతపెట్టి పది పన్నెండు నిముషాలు వుడికించాలి. దుంప మెత్తబడ్డాక నాలుగైదు ముక్కలు గరిటెతో గిన్నె అంచుకు నొక్కి మెదిపితే సూపు తనంతట తానే చిక్కబడుతుంది. ఈ పిండీ దుంపా చిక్కదనానికే కాదు, కేసీన్ వుండల మధ్య అడ్డుగా నిలిచి అవి ఒకదానినొకటి అంటుకోకుండా కొంత కాపాడతాయి కూడా. ఇక్కడ ఒక మాట. సంఘంలో అయోడిన్ చుక్క వేయగానే నీలం తిరిగే పాలు కల్తీ పాలు, అందులో పిండి కలిసినట్లు. గిన్నెలో పిండి వంట, క్యానులో పిండి నేరం.

ఇప్పుడు రొయ్యలు వేయాలి. రెండు మూడు నిముషాలలో అవి ముడుచుకుని ఎర్రబడి, లోపల తెల్లగా అవుతాయి. అంతకు మించి వుడికితే రబ్బరులా సాగుతాయి. రొయ్యలు వుడకగానే మంట బాగా తగ్గించి, వేడిగా వున్న కాచిన పాలను సన్నని ధారగా పోస్తూ కలపాలి. చల్లని పాలు కుమ్మరించకూడదు. ఇక అక్కడ నుంచి సూపు తెర్లకూడదు. గిన్నె అంచున చిన్న బుడగలు కనిపించి పైన ఆవిరి లేస్తూ వుంటే చాలు, అయిదు నిముషాలు అట్లా వుంచి దించాలి. వుప్పు చివరనే వేయాలి. రొయ్యల చారులో వుప్పదనం ముందే వుంటుంది, పైగా వుప్పు ఎక్కువైతే పాల నిలకడ తగ్గుతుంది. దించిన తరువాత మీగడ, మిరియాల పొడి వేసి కలిపితే సరి. ఎవరికైనా పులుపు లేనిదే ముద్ద దిగదనుకుంటే నిమ్మచెక్క కంచం పక్కన పెట్టండి, ఎవరి గిన్నెలో వారు తినేముందు పిండుకుంటారు.

మీగడ లెక్క

"అక్కడ క్రీము వేస్తారు, మనకు పట్నం నుంచి ప్యాకెట్టు తేవాలా?" అని అడుగుతారు. ఈ లెక్క వెన్నశాతం తెలిసిన సభ్యులకు సులువే. అమెరికాలో చౌడర్‌కు తరచు వాడేది హాఫ్ అండ్ హాఫ్ అనే సరుకు, అనగా సగం పాలు, సగం మీగడ. అక్కడి నిబంధన ప్రకారం అందులో వెన్న 10.5 శాతానికి తగ్గకూడదు. వారి ఆవు పాలు మూడు నాలుగు శాతం లోపే గనుక మీగడ కలపక తప్పదు. మన గేదె పాలు 7 శాతం వున్నాయనుకుందాం. మన దేశపు నిబంధనలో తక్కువ వెన్న క్రీము అనే రకానికి 25 శాతం వుండాలి. పాలు ఎన్ని వంతులు? 25 లోనుంచి 10.5 తీసివేస్తే 14.5. క్రీము ఎన్ని వంతులు? 10.5 లోనుంచి 7 తీసివేస్తే 3.5. అంటే రమారమి 4 వంతుల పాలకు 1 వంతు క్రీము, 400 మిల్లీలీటర్లకు 100 మిల్లీలీటర్లు. డెయిరీలలో పాలను ప్రామాణీకరించేటపుడు వేసే లెక్క ఇదే.

నా అభిప్రాయం అడిగితే అంత అవసరం లేదు. 7 శాతం గేదె పాలకు, దుంప మెదిపిన చిక్కదనానికి, రెండు చెంచాల తాజా మీగడ చాలు. కొనుక్కునే పాలైతే 3 శాతం టోన్డ్ పాలకన్నా 6 శాతం ఫుల్ క్రీము పాలు మేలు. సంఘానికి పాలు పోసి, ఇంటికి మాత్రం అతి పలుచని ప్యాకెట్టు కొనుక్కునే సభ్యులు కొందరున్నారు. వారానికి ఒక్క పూట రెండు గ్లాసులు ఇంట్లో వుంచుకుంటే బిల్లు ఏమంత తగ్గదు.

సోడా మాట

విరగకుండా చిటికెడు వంటసోడా వేస్తే సరి అని చెప్పేవారు ప్రతి వూరిలోనూ వుంటారు. వెనుకటి అమెరికా వంటలలో టమాటా సూపుకు పాలు కలిపే ముందు టమాటా రసంలో సోడా వేసి పులుపు చంపిన మాట నిజమే. అది టమాటా పులుపుకు విరుగుడు. పులియబోతున్న పాలలో సోడా వేయడం వేరు. అందులో ఆమ్లం కనపడకుండా పోతుంది గాని, ఆ ఆమ్లాన్ని పుట్టించిన సూక్ష్మక్రిములు ఎక్కడికీ పోవు. రొసాలిక్ ఆమ్లం పరీక్షలో గులాబి ఎరుపు వచ్చిందని వెనక్కి పంపే క్యాను కథ ఇదే. సూపు కోసమని పాలలో సోడా వేయడం అలవాటైతే ఆ చేయి క్యాను వైపు పోవడానికి ఎంతో కాలం పట్టదు.

మిగిలితే

చౌడర్ కొంతసేపు నిలవుంటే రుచి పెరుగుతుందని న్యూ ఇంగ్లండ్ వారు చెబుతారు. వారి చలిలో అది చెల్లుతుంది. మన ఎండలలో పాలు, రొయ్యలు కలిసిన గిన్నెను గంటకు మించి బయట వుంచకూడదు. ఫ్రిజ్ వున్నవారు వెడల్పు గిన్నెలో పోసి త్వరగా చల్లార్చి లోపల పెట్టి, మర్నాడు సన్నని సెగ మీద, తెర్లనివ్వకుండా, బాగా వేడి చేసి వాడుకోవచ్చు. ఫ్రిజ్ లేని ఇంట ఆ పూటకు సరిపడా మాత్రమే కాచుకోవాలి.

ఇంత చేసినా ఎప్పుడైనా విరిగితే, ముందు పాలు విడిగా కాచినపుడు నిలిచాయా లేదా గుర్తు తెచ్చుకోండి. నిలిచి వుంటే అది పులుపు వల్లనో, మంట వల్లనో విరిగిన సూపు, తినడానికి ప్రమాదమేమీ లేదు. తరకలను, దుంపలను గరిటెతో బాగా మెదిపి, కాస్త బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోసి మరొక్కసారి వేడి చేస్తే అన్నంలోకి కలుపుకోవచ్చు. పాలు విడిగా కాచకుండానే పోసి వుంటే, విరిగినది పాలో సూపో చెప్పలేం. ఆ గిన్నెను పారబోయడమే క్షేమం.